సూరత్ డచ్చి సమాధులు – సమాస విభాగ సమస్య

సూరత్ నగరంలో కతార్‌గామ్ దర్వాజా పరిసరాలలో ఐరోపా వర్తకుల పాత శ్మశానవాటికలు ఉన్నాయి. ఆంగ్లేయుల సమాధులు ఒక ఆవరణలోను, డచ్చివారివి, ఆర్మీనియనులవి మరొక ఆవరణలోను కనిపిస్తాయి. డచ్చి కట్టడాలన్నిటిలో పెద్దది హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రేడె సమాధి. స్తంభాల వరుసలు, పైనా కిందా వసారాలు, వాటిపై జంట గుమ్మటం. దూరం నుండి చూసేవారికి అది ఏ మొగలాయి ప్రభువు సమాధియో అనిపిస్తుంది. మలబారు తీరంలో డచ్చి కంపెనీ పాలకుడుగా పనిచేసిన వాన్ రేడె, సూరత్‌కు వస్తూ బొంబాయి సమీపంలో ఓడలోనే 1691 డిసెంబరు 15న మరణించాడు. 1692 జనవరిలో ఆయన దేహాన్ని సూరత్‌లో ఖననం చేశారు.

ఇలాంటి స్థలాన్ని డచ్చివారు తమ భాషలో 'కెర్క్‌హొఫ్' అంటారు. 'కెర్క్' అంటే చర్చి, 'హొఫ్' అంటే ప్రాంగణం. రెండు పదాలు కలిసి శ్మశానమనే అర్థమిచ్చే సమాసం ఏర్పడింది. ఇందులో కఠినమైనది ఏమీ లేదు. కాని రోమన్ లిపిలో ఈ మాటను చూసినప్పుడు భారతీయ పాఠకుని కన్ను ఒక పొరపాటు చేస్తుంది. మొదటి పదం చివర ఉన్న 'కె' అక్షరం, రెండో పదం మొదట ఉన్న 'హెచ్' అక్షరం పక్కపక్కన పడతాయి. ఆ రెండూ కలిస్తే మనకు 'ఖ' అని చదవడం అలవాటు. అప్పుడు 'కెర్క్-హొఫ్' కాస్తా 'కెర్-ఖోఫ్' అవుతుంది. శ్మశానం మాయమై, ఏదో ఊరి పేరు ప్రత్యక్షమవుతుంది.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో కోరమాండల్ తీరంలోని డచ్చి సమాధుల గురించి ఒక చిన్న ప్రదర్శనకు జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. నాకు చరిత్రలో పట్టం ఉంది. డచ్చి భాష ఒక్క ముక్క రాదు. పాత నకళ్ళను చూసి పేరు, ఇంటిపేరు, స్థలం, సంవత్సరం అనే గడులు నింపాను. స్థలం గడిలో ఒకచోట 'కెర్ఖోఫ్' అని రాశాను. అంతకంటె పెద్ద తప్పు ఇంటిపేరు గడిలో జరిగింది. ముగ్గురు మృతుల పేర్ల పక్కన 'ఓపర్‌కోప్‌మన్' అనే మాట కనిపించింది. కోప్‌మన్ అనే ఇంటిపేరు ఐరోపాలో ఉన్నదని ఎక్కడో చదివి ఉన్నాను. అందుచేత ఆ ముగ్గురిది ఒకే వంశమని నిర్ణయించి, పటం కింద 'ఒకే కుటుంబానికి చెందిన వర్తకులు' అని వ్యాఖ్య కూడా చేర్చాను. అది అచ్చయింది. చాలాకాలం తరువాత నిఘంటువు తెరిచి చూసినప్పుడు తెలిసింది: 'ఓపర్' అంటే పై, 'కోప్‌మన్' అంటే వర్తకుడు, 'ఓపర్‌కోప్‌మన్' అంటే ప్రధాన వర్తకుడు. అది కంపెనీలో ఒక హోదా, ఇంటిపేరు కానే కాదు. ఆ ముగ్గురికి ఒకరితో ఒకరికి చుట్టరికం లేదు. వారి అసలు ఇంటిపేర్లను నేను నడిమి పేర్లుగా భావించి వదిలివేశాను.

పదాన్ని ఎక్కడ విరవాలో తెలియకపోవడం చిన్న లోపంగానే కనిపిస్తుంది. కాని రికార్డులోకి ఎక్కిన తరువాత అది మనిషి పేరునే తుడిచివేయగలదు. సూరత్ సమాధుల మధ్య నిలబడినప్పుడు నాకు ఈ సంగతే గుర్తుకువచ్చింది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

బందరు నుండి సూరత్‌కు

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో స్థాపితమైంది. తెలుగు తీరంలో మచిలీపట్నంలో 1605లో ఆ కంపెనీవారు అడుగుపెట్టి, గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో వర్తకశాల నెలకొల్పారు. సూరత్‌లో వారి తొలి ప్రయత్నాలు ఫలించలేదు. అక్కడ ఉండిపోయిన డచ్చి వర్తకుల సరకును తిరిగి రాబట్టేందుకు వాన్ రావెస్టైన్ అనే ఉద్యోగి 1615లో మచిలీపట్నం నుండి బయలుదేరి, దక్కనును దాటి, సూరత్‌కు భూమార్గాన ప్రయాణం చేశాడు. అంటే సూరత్‌లో డచ్చివారి చరిత్రకు ఒక దారి మన బందరు నుండే వెళ్ళింది. 1616లో పీటర్ వాన్ డెన్ బ్రూకె ఓడలో సూరత్ చేరాడు. ఆ తరువాత అక్కడ వర్తకశాల స్థిరపడింది. 1620 నుండి ఆయన దానికి డైరెక్టరుగా పనిచేశాడు. గుజరాతు నూలు వస్త్రాలు, నీలిమందు ఈ వర్తకంలో ముఖ్యమైన సరకులు. 1824 నాటి లండన్ ఒప్పందంతో భారతదేశంలోని తమ స్థావరాలను డచ్చివారు ఆంగ్లేయులకు వదులుకున్నారు.

ఈ రెండు శతాబ్దాల కాలంలో కంపెనీ ఉద్యోగులు రాసినన్ని కాగితాలు ఆనాటి వర్తకులు మరెవరూ రాసి ఉండరు. ఆ పత్రాలు హేగ్ నగరంలోను, జకార్తా, చెన్నై మొదలైన చోట్లను భద్రంగా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పదిహేడో శతాబ్దపు గుజరాతు, గోలకొండల ధరవరలు, కరవులు, నేతగాళ్ళ జీవనం, నౌకల రాకపోకలు తెలుసుకోవాలంటే వాటిని చదవక తప్పదు. ఆ కాగితాలలో అడుగడుగునా సమాసాలే. 'బూక్‌హౌడర్' అంటే లెక్కల పుస్తకాలు చూసే గుమాస్తా. 'ఒండర్‌కోప్‌మన్' అంటే ఉపవర్తకుడు. 'పక్‌హైస్' అంటే సరకుల గిడ్డంగి. 'దఖ్‌రెఖిస్టర్' అంటే దినచర్య గ్రంథం. ఆ కాలంలో అక్షరక్రమం స్థిరపడలేదు. ఒకే సమాసాన్ని ఒక గుమాస్తా కలిపి, మరొకరు విడదీసి, ఇంకొకరు మధ్యలో గీత పెట్టి రాశారు. కనుక ఎక్కడ విరవాలో కాగితం చెప్పదు, చదివేవాడికే తెలిసి ఉండాలి.

ముందు కీలు, తరువాత అక్షరం

డచ్చి భాషలో సమాసాన్ని అక్షరాలుగా విభజించే పద్ధతికి మూలసూత్రం ఒక్కటే. ముందు సమాసాన్ని దాని పదాలుగా విడదీయాలి. ఆ తరువాతనే ఒక్కొక్క పదాన్ని అక్షరాలుగా విభజించాలి. ఇక్కడ అక్షరమంటే లిపిలోని గుర్తు కాదు, ఒక్క ఉచ్చారణ ప్రయత్నంలో పలికే శబ్దభాగమని గ్రహించాలి. విడి పదంలో రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తరువాతి అచ్చుతో చేరుతుంది. రెండు హల్లులుంటే సాధారణంగా చెరొకవైపు పోతాయి. కాని సమాసంలోని కీలు దగ్గర ఈ నియమం ఆగిపోతుంది. 'పక్-హైస్' అనాలి, 'ప-ఖైస్' అనరాదు. 'బూక్-హౌ-డర్' అనాలి, 'బూ-ఖౌ-డర్' అనరాదు. కంపెనీకి నెదర్లాండ్స్‌లో ఆరు శాఖలుండేవి. వాటిలో ఒకదాని పట్టణం 'ఎంక్-హై-జెన్'. అక్కడా మన 'ఖ' వచ్చి కూర్చునే ప్రమాదమున్నది.

ప్రత్యయాల విషయం వేరు. దీనికి సూరత్‌లోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. సూరత్ డచ్చి వర్తకశాలలో ఎదిగిన యోవాన్ యోసువా కెటెలార్ ఇంటిపేరులో 'కెటెల్' అంటే పాత్ర, 'ఆర్' అనేది ఆ పనివాణ్ణి తెలిపే ప్రత్యయం. అర్థాన్ని బట్టి చూస్తే 'కెటెల్ + ఆర్'. పలికేటప్పుడు మాత్రం 'కె-టె-లార్'. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందరి హల్లును తనవైపు లాక్కుంటుంది. సమాసంలోని రెండో పదం ఆ పని చేయదు. 'వల్క్' అంటే డేగ, 'ఐల్' అంటే గుడ్లగూబ. రెండూ కలిస్తే ఒకజాతి గుడ్లగూబ పేరు 'వల్క్-ఐల్'. ఇక్కడ హల్లు కదలదు. కదిలించి 'వల్-కైల్' అని విరిచామా, 'పడే గొయ్యి' అనే మరో సమాసం తయారవుతుంది. అక్షరక్రమం రెంటికీ ఒక్కటే. అలాగే 'క్వార్ట్-స్లాఖెన్' అంటే పావు మలుపులు, 'క్వార్ట్స్-లాఖెన్' అంటే స్ఫటికశిల పొరలు.

ఈ విభాగంతో అచ్చుల హ్రస్వదీర్ఘాలకు కూడా సంబంధమున్నది. 'మన్' అంటే మనిషి, బహువచనం 'మన్-నెన్'. 'మాన్' అంటే చంద్రుడు, బహువచనం 'మా-నెన్'. ఏకవచనంలో దీర్ఘాన్ని చూపడానికి 'ఏ' అనే గుర్తును రెండుసార్లు రాస్తారు. బహువచనంలో ఆ అక్షరం హల్లుతో మూతపడక అచ్చుతోనే ముగుస్తుంది కనుక ఒక్కసారి రాస్తే చాలు. అంటే అక్షరం ఎక్కడ ముగిసిందో తెలియనివాడు అచ్చు పొట్టిదో పొడుగుదో కూడా తెలుసుకోలేడు. విభజన తప్పితే ఉచ్చారణ మొత్తం తప్పుతుంది.

డచ్చివారికి తమ సమాసాల మీద గర్వం ఉండేది. సైమన్ స్టెవిన్ అనే గణితశాస్త్రవేత్త 1586లో, తమ భాషలో ఏకాక్షర పదాలు విస్తారమని, వాటిని కలిపి శాస్త్రానికి కావలసిన కొత్త మాటలెన్నయినా చేయవచ్చునని వాదించాడు. త్రిభుజాన్ని వారు 'ద్రీ-హూక్' అంటారు. 'ద్రీ' అంటే మూడు, 'హూక్' అంటే మూల. మన 'ముక్కోణం' కూడా ఆ కొలిమిలో కాచినదే కదా.

ఊనిక ఎక్కడ?

విభాగం తరువాతి ప్రశ్న ఊనిక. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. మనకు హ్రస్వదీర్ఘాల భేదం ముఖ్యం. డచ్చిలో ఒక్కొక్క పదానికి ఒక అక్షరం మీద ప్రధానమైన ఊనిక ఉంటుంది. నామవాచకాల సమాసాలలో సాధారణంగా అది మొదటి పదానిది. రెండో పదానికి దానికంటె తేలికైన ఊనిక మిగులుతుంది. 'కెర్క్-హొఫ్'లో 'కెర్క్' మీద, 'పక్-హైస్'లో 'పక్' మీద, 'దఖ్-రె-ఖిస్-టర్'లో 'దఖ్' మీద బలం పడుతుంది. 'ఓ-పర్-కోప్-మన్' అనేటప్పుడు మొదటి 'ఓ' గట్టిగా వినబడుతుంది, 'కోప్' దానికి లోబడి వస్తుంది. పై వర్తకుడా, ఉపవర్తకుడా అన్నదే ఆ హోదాలలో ముఖ్యమైన భేదం. ఊనిక కూడా ఆ భేదం మీదనే నిలుస్తుంది.

ఈ నియమానికి అపవాదాలు లేకపోలేదు. 'స్టాట్-హైస్' అంటే నగరసభా భవనం. ఇందులో ఊనిక రెండో పదం మీద ఉంటుంది. 'బుర్-ఖె-మేస్-టర్' అంటే నగరాధ్యక్షుడు. ఇక్కడ 'మేస్' మీద. ఊళ్ళపేర్లు మరీ తమ దారి తమవి. కంపెనీ ఆరు శాఖల పట్టణాలనే చూడండి. డెల్ఫ్ట్, హోర్న్ ఏకాక్షరాలు. వాటితో పేచీ లేదు. మిడెల్‌బుర్ఖ్‌లో మొదటి అక్షరం మీద, ఎంక్‌హైజెన్‌లో రెండో దాని మీద, ఆమ్‌స్టర్‌డామ్, రొట్టర్‌డామ్‌లలో చివరి దాని మీద ఊనిక. కంపెనీ పేరులోని 'ఓస్ట్-ఇన్-డీ-సె' అనే విశేషణంలో 'ఓస్ట్' అంటే తూర్పు. ఇక్కడ ఊనిక తూర్పు మీద గాక 'ఇన్' మీద పడుతుంది. ఆ పక్కనున్న 'కొమ్-ప-నీ' ఫ్రెంచి నుండి వచ్చిన మాట గనుక చివర బలం తీసుకుంటుంది.

క్రియల దగ్గర ఊనిక అర్థాన్నే శాసిస్తుంది. 'వోర్-కో-మెన్' అనే క్రియలో 'వోర్' మీద ఊనిక ఉంటే 'సంభవించడం' అని అర్థం. 'కో' మీద ఉంటే 'నివారించడం' అని అర్థం. మామూలు రాతలో ఈ భేదానికి గుర్తు ఉండదు. ఒక ఉత్తరువులోని ఈ మాటను తప్పుగా అర్థం చేసుకుంటే, నివారించవలసినది సంభవించేదై కూర్చుంటుంది. ఫైళ్ళతో వ్యవహరించేవారికి దీని తీవ్రత వేరే చెప్పనక్కరలేదు. ఆధునిక భాషలో మరో ప్రసిద్ధమైన జంట ఉంది. ఒకే వరుస అక్షరాలను 'మాస-ఖెబెడ్' అని విరిచి మొదట ఊనిస్తే సామూహిక ప్రార్థన. 'మసాజె-బెడ్' అని విరిచి రెండో అక్షరం మీద ఊనిస్తే ఒళ్ళు మర్దన చేసే మంచం.

మన సంప్రదాయంలో ఈ ప్రశ్న

ఇదంతా పరదేశపు వింత అనుకోనక్కరలేదు. సమాసంలో స్వరం తప్పితే ఎంతటి అనర్థమో చెప్పే కథ మన వేదవాఙ్మయంలోనే ఉంది. ఇంద్రుణ్ణి చంపగల కుమారుని కోరి త్వష్ట హోమం చేశాడు. 'ఇంద్రశత్రు' అనే సమాసంలో చివరి అక్షరం ఉదాత్తమైతే తత్పురుషం, ఇంద్రుని సంహరించేవాడని అర్థం. మొదటి అక్షరం ఉదాత్తమైతే బహువ్రీహి, ఇంద్రుడే సంహర్తగా గలవాడని అర్థం. పలకడంలో స్వరం తప్పింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలో హతుడయ్యాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి ఈ కథను స్మరించాడు. ఆ స్వరాలు లౌకిక సంస్కృతంలో లోపించాయి. డచ్చి పదంలోని ఊనిక వాటితో సమానమని నేననడం లేదు. సమాసంలో బలం ఎక్కడ ఉన్నదో దానిని బట్టి అర్థం మారడమనే సంగతి మనకు కొత్త కాదని మాత్రమే చెబుతున్నాను.

తెలుగు ఛందస్సులో దీనికి మరింత దగ్గరి పోలిక ఉంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది. కాని ఆ సంయుక్తాక్షరం వేరే పదానికి మొదటిదైతే అవదు. 'అతడు త్యాగి' అన్నప్పుడు 'డు' లఘువే. 'ధనత్యాగము' అనే సమాసంలో 'న' గురువవుతుంది. పదం ఎక్కడ ముగిసిందో తెలియనిదే గణవిభజన సాగదు. ఇక పదాన్ని రెండు విధాల విరిచి రెండు కథలు చెప్పడం మన కవులకు విద్య. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఒక విరుపుతో రామకథ, మరో విరుపుతో భారతకథ చెబుతుంది. సభంగశ్లేషను ఆస్వాదించగల పాఠకునికి 'వల్క్-ఐల్', 'వల్-కైల్' అనే జంట ఆశ్చర్యం కలిగించదు. భేదమేమిటంటే, సూరన చేసిన విరుపు బుద్ధిపూర్వకం. నా జాబితాలోని విరుపు అజ్ఞానం.

వారి చెవిలో మన మాటలు

ఈ సమస్యకు రెండో ముఖం ఉంది. మన సమాసాలు వారి చెవికి ఎలా వినిపించాయి? ఖమ్మం ప్రాంతంలోని నాగులవంచలో డచ్చివారికి వర్తకశాల ఉండేది. వారి కాగితాలలో ఆ ఊరు 'నాఖెల్‌వన్జె' రూపంలో కనిపిస్తుంది. 'నాఖెల్' అనే మాట డచ్చిలో ఉంది. మేకు అని దాని అర్థం. 'నాగుల' అనే మన బహువచన రూపం పరాయి గుమాస్తా కలం కింద ఇంటి మాటలాగా మారిపోయింది. ద్రాక్షారామం 'దాత్సెరోమ్' అయింది. 'ఆరామం' అనే రెండో పదం గుర్తుపట్టలేని విధంగా ముక్కలైపోయింది. జగన్నాథపురం చివరి 'పురం'లోని ఉకారాన్ని డచ్చివారు తమ పద్ధతిలో 'ఓ', 'ఈ' అనే రెండు గుర్తులతో రాశారు. దానిని ఆంగ్లం అలవాటైన మనం 'పోరం' అని చదువుతాం. తప్పు గుమాస్తాది కాదు, మనది.

తెలుగు తీరంలోని డచ్చి వర్తకశాలల గురించి డేనియల్ హావార్ట్ రాసిన గ్రంథం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. గోలకొండ రాజ్య చరిత్రకు అది విలువైన ఆధారం. కోరమాండల్ 'అభ్యుదయ పతనాలు' అని దాని పేరుకు అర్థం. డచ్చిలో 'ఒప్‌గఙ్', 'ఒండర్‌గఙ్' అనే రెండు సమాసాలకు చివరి పదం ఉమ్మడి. అందుచేత మొదటిదానిలో ఆ పదాన్ని విడిచి, 'ఒప్' అని రాసి గీత పెట్టి, 'మరియు' అనే అర్థం గల 'ఎన్' చేర్చి, 'ఒండర్‌గఙ్' అన్నారు. గీతను, ఖాళీని లెక్కచేయకుండా కలిపితే 'ఓపెన్' అవుతుంది. తెరచిన పతనమని అర్థంలేని అర్థం వస్తుంది. మన చరిత్రకు ఆధారమైన గ్రంథం పేరులోనే ఇంతటి ఉచ్చు ఉన్నది.

సూరత్ డచ్చివారిలో భాషను శ్రద్ధగా విన్నవారు ఇద్దరిని ముఖ్యంగా చెప్పుకోవాలి. మొదటివాడు కెటెలార్. 1659లో ఎల్బింగ్ పట్టణంలో జన్మించి, 1682లో కంపెనీలో చేరి, సూరత్‌కు వచ్చాడు. 1711–13 సంవత్సరాలలో మొగలాయి దర్బారుకు రాయబారిగా లాహోరు వెళ్ళాడు. 1718లో పారశీక తీరంలోని గాంబ్రూన్‌లో మరణించాడు. ఆయన డచ్చి భాషలో రాసిన హిందుస్తానీ వ్యాకరణం, తెలిసినంతలో ఆ భాషకు తొలి వ్యాకరణం. 1698లో లక్నోలో తయారైన దాని నకలు ఒకటి హేగ్‌లో ఉంది. డేవిడ్ మిల్ 1743లో లైడెన్ నుండి దాని లాటిన్ రూపాన్ని ప్రకటించాడు. ఆ గ్రంథనామంలోని 'ఒండర్‌వైసింగె' అంటే బోధన. 'ఒండర్‌కోప్‌మన్'లో 'ఒండర్' మీద నిలిచిన ఊనిక ఇక్కడ 'వై' మీదికి జారుతుంది. ఒకే 'ఒండర్', రెండు నడకలు.

కెటెలార్ పుస్తకంలో సూరత్ నేల వాసన ఉంది. హిందుస్తానీలో కర్తకు చేరే 'నే' ప్రత్యయం ఆయనకు తెలియదు. 'ఆప్' అనే మాటకు గుజరాతీ వాడుకను అనుసరించి 'మనం' అనే అర్థం చెప్పాడు. పండితుల వద్ద గాక, రేవులో, బజారులో, దలారుల నోట విన్న భాషను ఆయన నమోదు చేశాడనడానికి ఇవి గుర్తులు. ఈ వ్యాకరణాన్ని ఎరిగి, తన హిందుస్తానీ వ్యాకరణపు పీఠికలో ప్రస్తావించిన బెంజమిన్ షుల్జ్ మనకు పరాయివాడు కాడు. మద్రాసులో ఉండగా తెలుగులోకి బైబిలును అనువదించి, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాసినవాడు ఆయనే. సూరత్ రేవులో మొదలైన వ్యాకరణ ప్రయత్నం ఈ విధంగా తెలుగు వ్యాకరణ చరిత్రను కూడా తాకుతుంది.

రెండోవాడు వాన్ రేడె. ఆయన పర్యవేక్షణలో తయారైన 'హోర్టస్ మలబారికస్' అనే వృక్షశాస్త్ర గ్రంథం 12 సంపుటాలుగా 1678–1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. చివరి సంపుటం వచ్చేనాటికి ఆయన సూరత్ మట్టిలో ఉన్నాడు. ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణి బ్రాహ్మణులు దానికి సమాచారమిచ్చారు. అందులోని మొక్కల పేర్లు రోమన్ లిపిలో ఎలా ఉన్నాయో చూడండి. తాటిజాతి చెట్టు పేరు 'కరిమ్-పన' అని రెండు పదాల మధ్య గీతతో అచ్చయింది. 'తొడ్డ-పన్న' కూడా అంతే. మలయాళ సమాసం ఎక్కడ అతుక్కున్నదో సరిగ్గా అక్కడే గీత పడింది. పరదేశి అయిన సేనాని ఆ కీలును స్వయంగా కనిపెట్టి ఉండడు. ఆ భాష మాట్లాడేవారిని పక్కన కూర్చోబెట్టుకొన్నాడు గనుక అది సాధ్యమైంది. నాగులవంచను వారిలో ఎవరో తప్పు విరిచారు. కరింపనను సరిగా విరిచారు. రెంటికీ తేడా, అడగడం, అడగకపోవడం.

మిగిలిన జాడలు

డచ్చివారు వెళ్ళిపోయినా వారి మాటలు కొన్ని మన ఇళ్ళలో ఉండిపోయాయి. మచిలీపట్నంలో వలందాపాలెం నేటికీ వారి పేరు మోస్తున్నది. పేకాటలో మనం 'కళావరు', 'ఆఠీను' అంటాం. డచ్చిలో వాటిని 'క్లా-వర్', 'హార్-టెన్' అంటారు, పోలిక స్పష్టం. బెంగాలీలోని ఇటువంటి పేకమాటలు డచ్చి నుండి వచ్చినవని సునీతికుమార్ చటర్జీ చూపాడు. వాటిలో 'తురుప్' ఒకటి, డచ్చిలో 'త్రూఫ్'. మన 'తురుపు' కూడా ఆ కుదురుదే. తెలుగు నోరు ఈ మాటలను ఎలా మార్చుకున్నదో గమనించదగినది. 'క్ల', 'త్ర' అనే సంయుక్తాలను అచ్చుతో విడదీసి 'కళా', 'తురు' చేసింది. చివర అచ్చు చేర్చి అజంతం చేసింది. 'క్లా' మీది ఊనికను, దీర్ఘాన్ని మాత్రం వదలక 'ళా'లో దాచుకుంది. చివరికి 'తురుపుముక్క' అని డచ్చి పదాన్ని తెలుగు పదంతో జోడించి సమాసమే చేశాం. దానిని ఎక్కడ విరవాలో ఏ తెలుగువాడికీ చెప్పనక్కరలేదు.

పురావస్తు, పురాలేఖ శాఖలలో పనిచేసేవారికి ఈ చర్చ నుండి కొన్ని సూచనలు చేయవచ్చుననుకుంటాను. డచ్చి సమాధుల, పత్రాల సూచికలు తయారుచేసేటప్పుడు హోదాకు వేరే గడి ఉండాలి. సమాసాన్ని మూలంలో ఉన్నట్టే ఒకసారి, పదాలుగా విడదీసి మరొకసారి రాయాలి. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఆంగ్లపు ఉచ్చారణను గాక డచ్చి ఉచ్చారణను అనుసరించాలి. ముఖ్యంగా, పేరనిపించిన ప్రతి పొడుగు మాటనూ ముందు నిఘంటువులో చూడాలి. సంశయమున్నచోట ఆ భాష తెలిసినవారిని అడగాలి. వాన్ రేడె మూడు వందల ఏళ్ళ క్రితం అచ్యుతన్ వైద్యుణ్ణి అడిగాడు. అందులో చిన్నతనమేమీ లేదు.

సూరత్ నుండి తిరిగి వచ్చాక నా పాత జాబితా ప్రతిని వెతికి తీశాను. అచ్చయి పంచిన ప్రతులను వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు. నా దగ్గర మిగిలిన ప్రతిలో స్థలం గడిలోని 'కెర్ఖోఫ్' కొట్టివేసి 'శ్మశానం' అని రాశాను. ఇంటిపేరు గడిలో ముగ్గురికీ వారి వారి ఇంటిపేర్లు చేర్చి, హోదా అనే కొత్త గడి గీసి, అందులో 'ఓపర్-కోప్‌మన్' అని నింపాను. పటం కింది వ్యాఖ్యలో 'ఒకే కుటుంబానికి చెందిన' అన్నచోట 'ఒకే హోదాకు చెందిన' అని మార్చాను. సవరించిన ఆ జాబితాను ఫైలులో పాతదాని పైన కుట్టించాను.